బొరియ దగ్గర కుందేలు, బావి దగ్గర కుందేలు

సంక్రాంతి పండుగకు అల్లూరు వెళ్ళినప్పుడు మా అక్క నామీద ఒక బరువైన బాధ్యత పెట్టింది. ఆమె కొడుకుకు ఏడేళ్ళు. వసారాలో గోడకు చేరగిలబడి ఫోనులో బొమ్మలు చూస్తున్నాడు. తెరమీద బూడిదరంగు కుందేలొకటి, తన ముక్కుకు ఆనించిన తుపాకీ గొట్టాన్ని చూసీ చూడనట్టు, నింపాదిగా కారెట్టు కొరుకుతున్నది. "నువ్వన్నా చెప్పరా వాడికి. ఎప్పుడు చూసినా ఆ కుందేలే. ఎదుటోణ్ణి మోసం చేసేది, మూతి మీద పేల్చేది, ఇంతేగా! ఆ పాడు బొమ్మలు ఆపించి మంచి నీతికథేదన్నా చెప్పు" అన్నది అక్క.

అక్క మాట కాదనే ధైర్యం నాకు చిన్ననాడూ లేదు, ఇప్పుడూ లేదు. ఫోను పక్కన పెట్టించి కథ చెప్పాను. ఆ కథ ఏమైందో తరువాత చెబుతాను. ఆమెతో వాదించలేక అప్పటికి మింగిన మాట ఒకటున్నది, దానిని ఇక్కడ రాస్తున్నాను. ఆ కుందేలు పాడుది కాదు. మనం పిల్లలకు చెప్పే నీతికథల కుందేలుకంటే ఒక విషయంలో మంచిది కూడా.

నాకు పక్షపాతం ఉన్నదని ముందే ఒప్పుకుంటాను. కార్టూన్ నెట్‌వర్క్ మన దేశంలో 1995లో మొదలైంది. అది మా వీధి కేబుల్ తీగ దాకా చేరేనాటికి నేను బడిపిల్లవాణ్ణి. పగలంతా బొమ్మలు, రాత్రి కాగానే అదే చానెల్లో పాత హాలీవుడ్ సినిమాలు. తెలుగు డబ్బింగు వచ్చింది చాలా తరువాత. అప్పుడు మాటలన్నీ ఇంగ్లీషే, మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఒకనాడు మా తాత పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, "ఏందిరా ఇది, చెవులపిల్లికి మాటలేందిరా?" అని విసుక్కుంటూనే మంచం మీద కూర్చున్నాడు. కుందేలును చెవులపిల్లి అనే పెద్దలు మా వైపు ఇంకా ఉన్నారు. సముద్రం వైపు సరుగుడు తోపుల్లోనూ, కోతలైన మళ్ళ గట్ల మీదా నిజమైన చెవులపిల్లులను చూసినవాడు ఆయన. ఆకు కదిలితే చాలు, అవి ఎంత వేగంగా మాయమవుతాయో తెలిసినవాడు. కాసేపు చూసి, "పారిపోకుండా అట్ట నిలబడిందేందిరా!" అని ఆశ్చర్యపోయాడు. ఆ తరువాత నవ్వడం మొదలుపెట్టాడు.

ఇంగ్లీషు రాని మా తాత ఆ ఒక్క మాటలో బగ్స్ బన్నీ మర్మమంతా పట్టేశాడని నేను అనుకుంటాను. భయానికి మారుపేరైన జంతువు పారిపోకుండా నిలబడడం, అందులోనే ఉన్నది హాస్యమంతా.

అది మొదటినుంచీ అలా లేదు. 1938లో వార్నర్ బ్రదర్స్ వారికోసం తయారైన ఒక చిన్న చిత్రంలో వేటగాణ్ణి ఏడిపించే తెల్ల కుందేలొకటి కనబడుతుంది. గెంతుతుంది, పిచ్చిగా నవ్వుతుంది, అంతే. కూర్చుని చూస్తే తలనొప్పి వస్తుంది. 1940 జూలై 27న విడుదలైన 'ఎ వైల్డ్ హేర్'లో దర్శకుడు టెక్స్ ఏవరీ దానికి నెమ్మది నేర్పాడు. ఎల్మర్ ఫడ్ అనే బట్టతల వేటగాడు బొరియ దగ్గర తుపాకీ పట్టుకుని పొంచి ఉంటే, కుందేలు బయటకు వచ్చి, కారెట్టు నములుతూ, ఏమిటి సంగతి డాక్టరూ అన్నట్టుగా పలకరిస్తుంది. మన వీధి అరుగుమీద కూర్చున్నవాడు దారినపోయేవాణ్ణి పలకరించినట్టే. ఆ పలకరింపుకు గొంతునిచ్చిన మెల్ బ్లాంక్ 1989లో మరణించేవరకు ఆ పాత్రను విడవలేదు. 1940 నుంచి 1964 వరకు, ఒక్కొక్కటి ఏడు నిమిషాల లెక్కన, నూట అరవైకి పైగా చిత్రాలలో ఆ కుందేలు నటించింది. నటించింది అనే మాట తెలిసే రాస్తున్నాను.

అక్క అన్నట్టు అది మోసగత్తెదే. ఆడవేషం వేస్తుంది, దొంగ గుర్తులు పెడుతుంది, వేటగాడి చేతనే వేటగాడి టోపీ పేల్పిస్తుంది. అయితే ఆ మోసానికి ఒక కట్టుబాటున్నది. దర్శకుడు చక్ జోన్స్ తన చిత్రాలలో ఒక నియమం పెట్టుకున్నాడు. కుందేలు తానుగా ఎవరి జోలికీ పోరాదు, అది తన బొరియలో తానుండగా ఎవరో వచ్చి కెలకాలి, అప్పుడే యుద్ధం. నియమం లేని కుందేలు వట్టి అల్లరిమూక అయిపోతుందని ఆయనకు తెలుసు. మరొక దర్శకుడు ఫ్రిజ్ ఫ్రెలెంగ్‌కు ఎల్మర్ మరీ అమాయకుడుగా తోచి, కుందేలుకు తగిన ప్రత్యర్థి కావాలని, 1945లో యోసమిటీ శామ్ అనే పొట్టి మీసాల కోపిష్టిని సృష్టించాడు. ఎదుటివాడు బలహీనుడైతే మోసం మోసంగానే కనబడుతుంది, బలవంతుడైతేనే అది తెలివి అనిపించుకుంటుంది. ఈ లెక్క తప్పిన చిత్రాలు ఇప్పుడు చూడలేము. రెండో ప్రపంచయుద్ధకాలంలో, 1944లో, జపాను సైనికులను ఏడిపించే చిత్రం ఒకటి తీశారు. 1941లో ఒక నల్లజాతి వేటగాణ్ణి వెక్కిరిస్తూ మరొకటి తీశారు. దీనిని 1968లో టీవీ ప్రసారాలనుంచి తొలగించారు. వాటిని నేను సమర్థించను. వాటిలో కుందేలు నవ్వుతుంది కాని మనకు నవ్వు రాదు.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే సామెత మనకున్నది. మొండివాదానికి అంతకంటే మంచి బొమ్మ జోన్స్ తీసిన మూడు చిత్రాలలో దొరుకుతుంది. 1951, 52, 53లలో వరుసగా వచ్చాయి. ఇది కుందేళ్ళ వేట కాలమా, బాతుల వేట కాలమా అని బగ్స్‌కు, డాఫీ అనే నల్ల బాతుకు వాదం. తుపాకీ పట్టుకున్న ఎల్మర్ ఎవరి మాట గెలిస్తే వారి మాట వింటాడు. బాతు గొంతు చించుకుంటుంది. కుందేలు శాంతంగా ఉన్నట్టుండి వాదం తిప్పేసి బాతు మాటే తాను అంటుంది. కాదనడమే అలవాటైన బాతు దానినీ కాదంటుంది, ముక్కు ఎగిరిపోతుంది. మన ఊళ్ళలో గట్టు తగాదాలు ఎన్నో ఈ తీరుగానే ముగియడం చూశాను, తుపాకీ ఒక్కటే తక్కువ.

అక్కలాంటివారు పిల్లలకు ఇష్టపడే కుందేలు కథ వేరు. తాబేలుతో పందెం వేసి, గర్వంతో నిద్రపోయి ఓడిన కుందేలు. నెమ్మదిగా పని చేసేవాడే గెలుస్తాడని దాని నీతి. ఏవరీ 1941లో ఈ కథనూ ముట్టుకున్నాడు. ఆ చిత్రంలో తాబేలు టెలిఫోను తీసి తన బంధువులందరికీ కబురు పెడుతుంది. ఒకే పోలిక ఉన్న తాబేళ్ళు దారిపొడుగునా కాచుకుని ఉంటాయి. కుందేలు ఎక్కడికి చేరినా తాబేలు అప్పటికే అక్కడ ఉంటుంది. ఇది ఏవరీ కొంటెతనం మాత్రమే కాదు. బానిసలుగా అమెరికాకు తరలించబడిన ఆఫ్రికావారు చెప్పుకున్న కుందేలు కథలను జోయెల్ చాండ్లర్ హారిస్ 1880లో పుస్తకంగా వేశాడు. ఇదే పందెం, ఇదే బంధువుల ఎత్తు ఆ పుస్తకంలో ఉన్నాయి. కొరడా కింద బతికినవారికి నెమ్మదిగా పని చేస్తే గెలుస్తావనే నీతి ఏం రుచిస్తుంది? నలుగురూ కలిసి యజమాని కళ్ళు కప్పితేనే గెలుపు అని వారి కథ చెబుతున్నది.

ఇక నేను చెప్పిన కథ సంగతికి వస్తాను. నీతికథ కావాలన్నది కనుక సింహం–కుందేలు కథ ఎత్తుకున్నాను. అందరికీ తెలిసినదే. అడవిలో మృగాలు రోజుకొకటి సింహానికి ఆహారంగా పోవాలని ఒప్పందం. కుందేలు వంతు వచ్చిన రోజున అది కావాలని ఆలస్యంగా పోతుంది. ఆకలితో మండిపడుతున్న సింహం ముందు నిలబడి, దారిలో ఇంకొక సింహం అడ్డుకున్నదని చెబుతుంది. బావి చూపిస్తుంది. తన నీడను చూసి గర్జించిన సింహం అందులో దూకి చస్తుంది.

నేను ముగించి, తెలివి ఉన్నవాడిదే బలమని నాన్చుతూ నీతి చెప్పబోతున్నాను. వాడు అడ్డం వచ్చాడు.

"సింహం మళ్ళీ లేవదా మామా?"

"లేవదు."

"ఎప్పటికీనా?"

"చచ్చిపోయింది కదరా."

వాడు మాట్లాడలేదు. కొంతసేపటికి "మరి దాని పిల్లలు?" అన్నాడు. నావద్ద సమాధానం లేదు. గడప దగ్గర బియ్యం చెరుగుతున్న అక్క చేట ఆపి నావైపు చూసింది.

హింస అని మనం నిషేధించిన బొమ్మలలో ఎవరూ చావరు. తుపాకీ పేలితే ముఖం మసిబారుతుంది, మరుక్షణంలో తుడుచుకుంటారు. 'ఎ వైల్డ్ హేర్'లోనే చూడండి, కుందేలు చచ్చినట్టు నటిస్తుంది. అంతసేపూ దానిని చంపాలని తిరిగిన ఎల్మర్ గుండె బద్దలయ్యేలా ఏడుస్తాడు. 1957లో జోన్స్ తీసిన 'వాట్స్ ఓపెరా, డాక్?'లో వాగ్నర్ సంగీతనాటకాల వేషంలో ఎల్మర్ చివరికి గెలుస్తాడు. పడి ఉన్న కుందేలును చేతులలోకి ఎత్తుకుని ఏడుస్తూ నడిచిపోతాడు. అప్పుడు కుందేలు తల ఎత్తి మనతో, సంగీతనాటకంలో సుఖాంతం ఎక్కడైనా చూశారా అన్నట్టు ఒక మాటంటుంది. వేటగాడు ఏడవగలడని, వేట ముగిస్తే వాడికీ మిగిలేది ఏమీ లేదని ఆ ఏడు నిమిషాలలో ఏడేళ్ళవాడికి తెలుస్తుంది. మన బావి కథలో సింహానికి ఏడ్చేవారు లేరు. నీతి తొందరలో ఉన్న కథకు ఏడుపు అడ్డం.

మన కథ చెడ్డదని నేననడం లేదు. అది ఎంత గొప్ప కథంటే ఆరో శతాబ్దంలో పహ్లవీ భాషకు, ఎనిమిదో శతాబ్దంలో అరబ్బీకి పోయి, అక్కడనుంచి లోకమంతా తిరిగింది. అక్కడినుంచి బగ్స్ బన్నీ దాకా వంశవృక్షం గీసే సాహసం చేయను. కాని దానిలోని కుందేలు ఏం చేసిందో మరొకసారి గమనించండి. అది పారిపోలేదు. ఆకలిగొన్న సింహం కోరల ముందు నిలబడి, తొణకకుండా, వివరంగా అబద్ధం చెప్పింది. మా తాత అడిగిన ప్రశ్న దీనికీ వర్తిస్తుంది. కథకు ప్రాణమంతా ఆ నిలబడడంలో, ఆ ఆలస్యంలో, దారిపొడుగునా సింహాన్ని నడిపిస్తూ అది పెట్టుకున్న అమాయకపు ముఖంలో ఉన్నది. మనం పిల్లలకు చెప్పేటప్పుడు ఆ భాగాన్ని రెండు వాక్యాలలో దాటించి నీతి దగ్గరకు పరుగెత్తుతాము. జోన్స్ చేతికి ఈ కథ దొరికి ఉంటే ఏడు నిమిషాలలో ఆరు నిమిషాలు ఆ నడకకే ఇచ్చి ఉండేవాడు.

మన పూర్వులకు ఈ రుచి లేదనుకోవడం పొరపాటు. పంచతంత్రాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చిన దూబగుంట నారాయణకవిది 15వ శతాబ్దం. ఆ ఇంటిపేరుతో ఊరు మా నెల్లూరు జిల్లాలోనే ఉన్నది. 1992లో సారా వ్యతిరేకోద్యమంతో దేశమంతా వినబడిన దూబగుంట పేరు అది. పద్యం రాసేవాడికి తొందర ఉండదు. 1853లో చిన్నయసూరి నీతిచంద్రిక వచ్చేనాటికి కథ బడిలో కాలు పెట్టింది. సూరి వచనం నాకు ప్రాణం, దాని నడకలోని సొగసుకు సాటి లేదు. కాని పుస్తకం పేరులోనే నీతి చేరింది, ఆ పైన పరీక్షలు వచ్చాయి, కథ చివర 'ఈ కథవలన మనమేమి నేర్చుకొంటిమి' అనే ప్రశ్న వచ్చింది. అక్కడితో కుందేలు నవ్వడం మానేసిందని నా అభియోగం. చందమామలో కుందేలును చూపించి అవ్వలు అన్నం తినిపించినప్పుడు ఎవరూ ఏ ప్రశ్నా వేయలేదు. ఆ కుందేలు మాత్రం ఇప్పటికీ బాగానే ఉన్నది.

కనుక ఫోను రోజంతా చేతికివ్వమని నేను చెప్పను. కళ్ళు పోతాయి, ఆ విషయంలో అక్కదే న్యాయం. అయితే ఆ కుందేలును మాన్పించి నీతిని పెట్టడం న్యాయం కాదు. మాన్పించదలిస్తే అంత నవ్వించే కుందేలును తెలుగులో తెచ్చి పెట్టాలి. అది చేతకానప్పుడు ఆ ఏడు నిమిషాలు వదిలేయడమే మర్యాద.

ఆ రాత్రి కరెంటు పోయింది. మిద్దెమీద చాపలు పరుచుకున్నాము. సముద్రపు గాలి ఉప్పగా వీస్తున్నది. "బావి కథ మళ్ళీ చెప్పు మామా" అన్నాడు వాడు. విష్ణుశర్మకు మనసులో ఒక దండం పెట్టి మొదలుపెట్టాను. ఈసారి దారి పొడుగుచేశాను. కుందేలు నడుమ నడుమ ఆగి కాలిలో ముల్లు తీసుకున్నది. సింహం అంత ఆకలిలోనూ ఎదురుచూసింది. దాహమేస్తున్నదా దొరా అని కుందేలు అడిగింది. సింహం బావిలో దూకింది. వాడు నా చేయి గట్టిగా పట్టుకున్నాడు. నీళ్ళు చిమ్మాయి, కాసేపు నిశ్శబ్దం. తరువాత సింహం చేంతాడు పట్టుకుని, తడిసిన జూలు ముఖానికి అంటుకోగా, రెండు తుమ్ములు తుమ్మి, గట్టుమీదికి ఎక్కింది. కుందేలు అక్కడే కూర్చుని ముల్లంగి నములుతున్నది.

వాడు ఎంత గట్టిగా నవ్వాడంటే చీకటిలో పక్క మిద్దెమీదివారు ఏమైందని అడిగారు. అక్క అటు తిరిగి పడుకుని ఉన్నది. "సింహం తుమ్మేదేందిరా, ఎక్కడన్నా ఉందా?" అన్నది. గొంతులో నవ్వు దాచుకోవడం ఆమెకు ఏనాడూ రాదు.