మగపిల్లాడే కదా... భయమేంటి?

ఆడపిల్లను హాస్టల్లో చేర్చాలంటే వంద ఆరాలు తీస్తాం. వార్డెన్ ఆడమనిషేనా, గేటు ఎన్నింటికి వేస్తారు, వచ్చేపోయేవాళ్ల పేర్లు రాసుకుంటారా... అదే మగపిల్లాడైతే? మెస్‌లో భోజనం ఎలా ఉంటుందో, కిందటేడు ఎన్ని ర్యాంకులు వచ్చాయో అడిగి, ఫీజు కట్టేసి బస్సెక్కేస్తాం. "మగపిల్లాడికేం భయమండీ!" అంటాం.

కెనడాలో ఎందరో తల్లిదండ్రులు కూడా ఇలాగే అనుకున్నారు. వాళ్లు పిల్లల్ని పంపింది ర్యాంకుల కోసం కాదు, ఐస్ హాకీ కోసం.

మంచు పలక మీద ఇనుప బ్లేడ్ల బూట్లేసుకుని ఆడే ఆట అది. మనకు క్రికెట్ ఎంతో వాళ్లకు అదంత. బాగా ఆడే కుర్రాడు పదహారేళ్లకే, ఒక్కోసారి అంతకు ముందే, ఇల్లు వదిలి ఎక్కడో దూరాన ఉన్న జూనియర్ జట్టులో చేరతాడు. ఆ ఊళ్లో ఎవరో ఒక కుటుంబం వాడికి గదిచ్చి, అన్నం పెడుతుంది. వాళ్లను బిల్లెట్ కుటుంబం అంటారు. చలికాలమంతా ఊరూరా బస్సులో తిరుగుతూ మ్యాచ్‌లు ఆడాలి. ఈ రోజు ఎవరు ఆడాలి, ఎవరు బెంచీ మీద కూర్చోవాలి, ఎవర్ని ఇంకో జట్టుకు ఇచ్చేయాలి... అన్నీ కోచ్ ఇష్టమే. ఎన్‌హెచ్‌ఎల్ అనే పెద్ద లీగ్ వాళ్లు వచ్చినా కుర్రాడి గురించి అడిగేది ఆ కోచ్‌నే. పిల్లాడి భవిష్యత్తంతా ఒక్క మనిషి గుప్పిట్లో ఉందన్నమాట.

ఆ మనిషి మంచివాడైతే సరే. కాకపోతే?

షెల్డన్ కెనడీది మానిటోబా రాష్ట్రంలో ఎల్క్‌హార్న్ అనే చిన్న ఊరు. వ్యవసాయ కుటుంబం. పద్నాలుగేళ్ల వయసులో గ్రాహం జేమ్స్ అనే కోచ్ కంట్లో పడ్డాడు. పెద్ద కోచ్ మన పిల్లాడిని మెచ్చుకుంటే ఏ ఇంట్లో అయినా పండగే కదా! తర్వాత ఆ కోచ్ దగ్గరే స్విఫ్ట్ కరెంట్ బ్రాంకోస్ జట్టుకు ఆడాడు. ఏళ్ల తరబడి మంగళవారాలు, గురువారాలు కోచ్ ఇంటికి వెళ్లాల్సి వచ్చేదని పెద్దయ్యాక చెప్పాడు. అక్కడ జరిగింది లైంగిక అత్యాచారం.

1986 డిసెంబరు 30న ఆ జట్టు బస్సు మంచు రోడ్డు మీద జారి బోల్తా పడింది. నలుగురు కుర్రాళ్లు చనిపోయారు. మూడేళ్లు తిరక్కుండానే, 1989లో, అదే జట్టు కెనడా జూనియర్ హాకీలో అతి పెద్ద ట్రోఫీ అయిన మెమోరియల్ కప్ గెలిచింది. అంత దుఃఖంలోంచి పిల్లల్ని లేపి గెలిపించిన మహానుభావుడని జేమ్స్‌ని ఆకాశానికెత్తారు. ఒక ప్రసిద్ధ హాకీ పత్రిక ఆ ఏడాది మేటి వ్యక్తి అని బిరుదు కూడా ఇచ్చింది. ఇక పదహారేళ్ల పిల్లాడు వెళ్లి "ఈయన మంచివాడు కాదు" అంటే ఊళ్లో ఎవరు నమ్ముతారు?

కెనడీ ఎన్‌హెచ్‌ఎల్ దాకా వెళ్లాడు. డెట్రాయిట్, బోస్టన్, కాల్గరీ జట్లకు ఆడాడు. పైకి చూస్తే ఏం తక్కువ? లోపల మాత్రం తాగుడు, మత్తుమందులు, చచ్చిపోవాలన్న ఆలోచనలు. చివరికి పోలీసుల దగ్గరికి వెళ్లాడు. 1997 జనవరిలో జేమ్స్ నేరం ఒప్పుకున్నాడు. ఇద్దరు ఆటగాళ్ల మీద వందలసార్లు చేసిన నేరానికి పడిన శిక్ష మూడున్నరేళ్లు!

అప్పుడు కెనడీని అందరూ వేసిన ప్రశ్న ఒకటే: "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" 2006లో అతను రాసిన పుస్తకం పేరే 'నేనెందుకు ఏమీ చెప్పలేదంటే' అనే అర్థం వచ్చేది. నాకైతే ఈ ప్రశ్న వింటేనే ఒళ్లు మండుతుంది. మన దగ్గరా ఆడపిల్లల్ని తరతరాలుగా ఇదే అడుగుతున్నాం. చెప్తే ఆట పోతుంది, జట్టు పోతుంది, ఇంట్లోవాళ్ల ఆశ పోతుంది. పైగా మగపిల్లాడు! "మగాడివై ఉండి ఊరుకున్నావా" అని నవ్వుతారన్న భయం. చెప్పుకోడానికి ఆ పిల్లాడికి ఎవరున్నారని అడగాలి గానీ, వాడెందుకు చెప్పలేదని కాదు.

అదే కోచ్ చేతిలో పెరిగిన థియో ఫ్లూరీ ఇంకా పెద్ద స్టార్. 1989లో కాల్గరీ జట్టుతో స్టాన్లీ కప్, 2002లో కెనడాకు ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. అంతటివాడు కూడా తన సంగతి 2009లో రాసిన పుస్తకంలో గానీ చెప్పలేకపోయాడు. ఈలోగా జేమ్స్‌కి 2007లో ప్రభుత్వ బోర్డు క్షమాభిక్ష కూడా ఇచ్చేసింది. ఆ సంగతి జనానికి తెలిసింది 2010లో. దేశమంతా భగ్గుమంది, క్షమాభిక్ష చట్టాన్నే మార్చాల్సి వచ్చింది. ఫ్లూరీ, మరో ఆటగాడి కేసులో 2012లో జేమ్స్‌కి రెండేళ్లు శిక్ష వేస్తే, పైకోర్టు 2013లో దాన్ని అయిదేళ్లకు పెంచింది. 2015లో ఇంకో ఆటగాడి కేసు, ఇంకో రెండేళ్లు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది డబ్బు సంగతి. 2022లో వేరే కేసు మీద (అందులోని అయిదుగురు ఆటగాళ్లనూ 2025లో కోర్టు నిర్దోషులుగా వదిలేసింది) కెనడా పార్లమెంటు కమిటీ హాకీ కెనడా సంస్థను నిలదీసింది. అప్పుడు బయటపడింది: 1989 నుంచి లైంగిక దాడుల కేసుల్లో తొమ్మిది రాజీలకు ఒక నిధి నుంచి 76 లక్షల డాలర్లు ఇచ్చారు. అందులో 68 లక్షలు ఒక్క గ్రాహం జేమ్స్ బాధితులకే. ఆ నిధి ఎక్కడిదనుకున్నారు? పిల్లల్ని ఆటలో చేర్పించేటప్పుడు తల్లిదండ్రులు కట్టే ఫీజుల్లోంచి తీసి పెట్టిందే! పైసా పైసా కూడబెట్టి ఫీజు కట్టిన ఏ తల్లికీ అదెక్కడికి పోతోందో తెలీదు. బాధితులకు పరిహారం ఇవ్వడం తప్పని ఎవరూ అనరు. గుట్టుగా ఇవ్వడం దేనికి? ఆ ఏడాది అక్టోబరులో సంస్థ అధిపతి, పాలకమండలి మొత్తం దిగిపోయారు.

ఇదంతా కెనడా గొడవ, మనకెందుకు అనకండి. 2007లో మన కేంద్ర ప్రభుత్వం 13 రాష్ట్రాల్లో పిల్లల మీద అకృత్యాల గురించి సర్వే చేయించింది. ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. ఏదో ఒక రకం లైంగిక వేధింపు ఎదురైందని చెప్పిన పిల్లల్లో సగానికి పైగా, 52.94 శాతం, మగపిల్లలే! 2012లో వచ్చిన పోక్సో చట్టం ఆడా మగా తేడా లేకుండా పద్దెనిమిదేళ్లలోపు పిల్లలందరికీ వర్తిస్తుంది. తన కింద పనిచేసేవాడు నేరం చేశాడని తెలిసీ చెప్పకుండా దాచిన సంస్థ అధిపతికి ఏడాది దాకా జైలు ఉంటుంది. ఈ సంగతి మన హాస్టళ్లలో ఎంతమందికి తెలుసు?

కెనడీ ఊరికే కూర్చోలేదు. 1998లో చక్రాల బూట్లతో కెనడా ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లి, పిల్లల రక్షణ కోసం విరాళాలు పోగుచేశాడు. తర్వాత మిత్రుడితో కలిసి కోచ్‌లకు, తల్లిదండ్రులకు శిక్షణ మొదలుపెట్టాడు. అక్కడి క్రీడల్లో ఇప్పుడు 'ఇద్దరి నియమం' అని ఒకటుంది. పిల్లాడితో పెద్దవాళ్లెవరూ ఒంటరిగా ఉండకూడదు, రెండో పెద్దమనిషి కూడా ఉండి తీరాలి. దీనికి ఖర్చేముంది చెప్పండి?

ఈసారి కోచింగ్‌కో, స్పోర్ట్స్ హాస్టల్‌కో పిల్లాడిని చేర్పించడానికి వెళ్లినప్పుడు మెస్ గురించి అడగండి, ర్యాంకుల గురించి అడగండి. దాంతోపాటే సార్ గదిలోకి పిల్లల్ని ఒంటరిగా పిలుస్తారా, పిలిస్తే తలుపు తీసే ఉంటుందా, రాత్రిపూట ఎవరు చూసుకుంటారు, వెనకటి చోట ఆయన ఎందుకు మానేశారు అని కూడా అడగండి. "ఏంటమ్మా, మా మీద అనుమానమా?" అంటారు. అననీండి. ఇంకో మాట. ఆదివారం ఫోన్ చేసినప్పుడు పక్కన వార్డెన్ నిలబడి ఉంటే పిల్లాడు ఎప్పుడూ "బాగానే ఉన్నానమ్మా" అనే అంటాడు. వీలు చేసుకుని ఒక్క పూట వెళ్లండి. బయటికి తీసుకెళ్లి టిఫిన్ పెట్టించి, మార్కుల మాట ఎత్తకుండా కూర్చోండి.