పరిశోధన సొమ్ము ఎవరి ప్రశ్నకు ఖర్చవుతోంది?

2025 ఆగస్టు 20న రాష్ట్ర ప్రభుత్వం రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్‌ను ప్రారంభించింది. ప్రధాన కేంద్రం అమరావతిలో, అనుబంధ కేంద్రాలు విశాఖపట్నం, రాజమహేంద్రవరం, విజయవాడ, తిరుపతి, అనంతపురంలో. అదే ఏడాది అమరావతి క్వాంటం వ్యాలీ కోసం ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీలతో ఒప్పందం ప్రకటించారు. 156 క్యూబిట్ల యంత్రం వస్తుందన్నారు. మన పక్కన కర్నూలు జిల్లా ఓర్వకల్లులో డ్రోన్ సిటీకి 300 ఎకరాలు చూపించారు. ఢిల్లీలో చూస్తే, జూలై 1న కేంద్ర మంత్రివర్గం పరిశోధన, అభివృద్ధి, ఆవిష్కరణల పథకానికి లక్ష కోట్ల రూపాయలు ఆమోదించింది. ప్రైవేటు రంగానికి తక్కువ వడ్డీకో, అసలు వడ్డీ లేకుండానో దీర్ఘకాలిక అప్పులుగా అందే సొమ్ము అది.

వీటిలో ఏదీ వద్దని మేం అనడం లేదు. మన పిల్లలు క్వాంటం చదవకూడదా? చదవాలి. కానీ 2020-21 లెక్క ప్రకారం జాతీయోత్పత్తిలో 0.64 శాతం మాత్రమే పరిశోధనకు పెడుతున్న దేశం ఇది. ఉన్న ఆ కాస్త డబ్బు ఎటు పోతోంది, ఎవరిని అడిగి పోతోంది? ఈ ప్రశ్నను గాల్లో కాకుండా ఒక నేల మీద నిలబెట్టి చూద్దాం. అహోబిలం కొండ దిగితే ఆళ్ళగడ్డ, అక్కడి నుంచి శిరివెళ్ళ మీదుగా నంద్యాల. ఈ దారికి రెండు పక్కలా ఉన్న నల్లరేగడి చేలల్లో ప్రభుత్వ పరిశోధన వందేళ్ళకు పైగా నడుస్తోంది. దాన్ని ఇన్నోవేషన్ అని మాత్రం ఎవరూ పిలవరు.

నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం 1906లో మొదలైంది. ఇప్పుడది ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ప్రాంతీయ పరిశోధనా స్థానం. పత్తి, పప్పుశనగ, కొర్ర, వరి రకాలు ఇక్కడి నుంచి వచ్చాయి. ఈ భూమిలో 50 ఎకరాలను వైద్య కళాశాలకు ఇవ్వాలని గత ప్రభుత్వం నిర్ణయిస్తే, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళింది. నంద్యాల పేదలకు పెద్దాసుపత్రీ కావాలి, విత్తనం తయారయ్యే పొలమూ కావాలి. రెండిట్లో ఒకటి ఎంచుకోమనడమే అన్యాయం. పాలకులకు ఉచితంగా భూమి అవసరమైనప్పుడు ముందు గుర్తొచ్చేవి రెండే: దళితుల అసైన్డ్ భూములు, ప్రభుత్వ పరిశోధన భూములు. ప్రశ్నించే గొంతు చిన్నదైన చోటనే కొలత టేపు పడుతుంది.

ఈ స్థానం ఇచ్చిన పత్తి రకాల్లో పేరున్నది 'నరసింహ'. ఈ ప్రాంతపు మనిషి ఎవరైనా ఆ పేరు వినగానే అహోబిలం కొండ వైపే చూస్తారు. అది సంకరం కాదు, సూటి రకం. రైతు తన చేలో గింజ దాచుకుని మరుసటి ఏడాది విత్తుకోవచ్చు. సంకర విత్తనంలో ఆ వీలు లేదు, దాచిన గింజ అదే పంట ఇవ్వదు. ఏటా దుకాణానికి పోవాల్సిందే. 2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చాక, బీటీ జన్యువు మన దేశంలో ప్రైవేటు కంపెనీల సంకరాల్లోనే వచ్చింది. ప్రపంచంలో పత్తి పండించే చాలా దేశాలు సూటి రకాలనే వేస్తాయి. మన దగ్గర మాత్రం ఏటేటా అమ్ముకోగల విత్తనమే గెలిచింది. ఇక్కడ తప్పంతా ప్రైవేటుదేనని చేతులు దులుపుకోలేం. 1970లో దేశానికి మొదటి సంకర పత్తి హెచ్-4 ఇచ్చింది సూరత్‌లోని ప్రభుత్వ పరిశోధనా కేంద్రమే. 2009లో ప్రభుత్వ సంస్థలు బికనేరి నర్మ అనే సూటి రకంలో బీటీని తెచ్చి, అందులో మోన్‌శాంటో జన్యువు ఉందన్న వివాదంతో వెనక్కి తీసుకున్నాయి. ప్రజల డబ్బుతో ఒక దారి వేసి, ఇంకో దారిని మధ్యలో వదిలేశారు.

ఆ ఎంపిక బరువు ఎవరి మీద పడింది? నంద్యాల, ఆళ్ళగడ్డ, కోయిలకుంట్ల ప్రాంతం సీడు పత్తికి పేరుబడింది. సంకర విత్తనం కావాలంటే ప్రతి పూవునూ చేత్తో ముట్టుకోవాలి. సాయంత్రం మొగ్గలోంచి మగ భాగాన్ని గిల్లి తీసేయాలి, మరుసటి పొద్దున మగ చెట్టు పూవు తెచ్చి పుప్పొడి రుద్దాలి. సీజనంతా నెలల తరబడి ఇదే పని. దీనికి ఆర్గనైజర్లు, రైతులు ఏరికోరి తెచ్చుకున్నది ఆడపిల్లలను. వేళ్ళు చిన్నవి, కూలి తక్కువ, ఎదురు చెప్పరు. దావులూరి వెంకటేశ్వర్లు వంటి పరిశోధకులు 2000 దశకంలో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల సీడు పత్తి చేలల్లో ఈ బాలకార్మికులను నమోదు చేశారు. వాళ్ళలో ఎక్కువ మంది దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల పిల్లలు. ఆ అధ్యయనాలు, పిల్లల హక్కుల సంఘాల ఒత్తిడి వల్లే కంపెనీలు కొంతైనా దిగివచ్చాయి. గమనించాల్సింది ఇదీ: విత్తనం మీద పరిశోధనకు ప్రయోగశాలలు ఉన్నాయి. ఆ విత్తనం తయారుచేసే వేళ్ళ మీద పరిశోధనకు డబ్బు పెట్టమని ఏ వ్యవసాయ విశ్వవిద్యాలయ బడ్జెట్‌లోనూ పద్దు లేదు.

పప్పుశనగ కథ ఇంకా చిక్కుది. అందుకే దాని దగ్గర కాస్త ఆగాలి.

జేజీ 11 రకం ఈ జిల్లాల్లో ఏళ్ళపాటు రాజ్యమేలింది. ఆ మొక్క పొట్టిగా, పక్కలకు పాకినట్టు పెరుగుతుంది. కోత యంత్రానికి అందదు. వంగి, చేత్తో పీకాల్సిందే. శనగాకు మీద పులుపు ఊరుతుంది, అది నిజమైన ఆమ్లం. వారం రోజులు పీకిన ఆడవాళ్ళ చేతులు మంటలెత్తుతాయి, పగుళ్ళు పడతాయి. నంద్యాల శాస్త్రవేత్తలు ఎన్‌బీఈజీ 47 అనే రకం తెచ్చారు. నిటారుగా, ఎత్తుగా పెరుగుతుంది, కాయ నేలకు పైన ఉంటుంది, హార్వెస్టర్‌తో కోయొచ్చు. శాస్త్రపరంగా మంచి పని. దాని గురించి చెప్పేటప్పుడు రెండు కారణాలు వినిపిస్తాయి. ఒకటి కూలీల కొరత, రెండోది మహిళా కూలీల కష్టం తగ్గడం.

'కూలీల కొరత' అన్న మాట ఎవరి నోటిదో చూడండి. పని ఇచ్చేవాడికి అది కొరత, పని చేసేదానికి అది కాస్త కూలి పెరిగే అవకాశం. శనగ పీకే రోజులు వాడలోని ఆడవాళ్ళకు ఏడాదిలో నాలుగు డబ్బులు చేతిలో పడే రోజులు. పదుల మంది రోజంతా చేసే పనిని యంత్రం గంటల్లో ముగిస్తే, మిగిలిన కూలి డబ్బు చేను ఉన్నవాడి దగ్గర ఉంటుంది. మంట తగ్గింది, నిజమే. కూలి కూడా పోయింది. మళ్ళీ చేతులు మండించుకోండని మేం చెప్పం. దళిత స్త్రీల వెట్టి కష్టాన్ని 'ఉపాధి' పేరుతో కాపాడమనడం మన ఉద్యమాల భాష కాదు. కానీ అదే డబ్బుతో ఇంకో ప్రశ్న వేయొచ్చు కదా: ఆమ్లం తగలని చేతి తొడుగు, ఇద్దరు ఆడవాళ్ళు నడపగల చిన్న కోత పరికరం, ఆ పరికరం కూలీల సంఘం పేరు మీద ఉండే పద్ధతి. యంత్రం ఎంత పెద్దది, ఎవరి సొంతం అన్నవి కూడా పరిశోధన ప్రశ్నలే. వాటిని అడిగినవాళ్ళు ఆ గదిలో లేరు.

దేశం మొత్తం మీద సాగు కమతాల్లో ఎస్సీల చేతిలో ఉన్నవి 12 శాతం, విస్తీర్ణంలో 9 శాతం కూడా లేదు. ఇది 2015-16 వ్యవసాయ గణన. 'రైతుకు మేలు' అని రాసిన ప్రతి పరిశోధన ప్రతిపాదననూ ఈ అంకె పక్కన పెట్టి చదవాలి.

కొర్ర సంగతి తెలిసిందే. నంద్యాల నుంచే ఎస్‌ఐఏ 3085, సూర్యనంది రకాలు వచ్చాయి. వాడ తిన్న తిండిని బియ్యం మింగేసింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక హైదరాబాద్‌లోని సంస్థను ప్రపంచ స్థాయి కేంద్రంగా చేస్తామని కేంద్ర బడ్జెట్ చెప్పింది. ఇవాళ కొర్ర బియ్యం ధర అడిగి చూడండి. పండించిన కులాల పిల్లల హాస్టల్ పళ్ళెంలోకి అది ఎలా తిరిగి రావాలన్నది కూడా పరిశోధనే, దానికి జన్యుశాస్త్రం అక్కర్లేదు.

ఇప్పుడు మన వాటా దగ్గరికి వద్దాం. 2013లో పోరాడి తెచ్చుకున్న ఉప ప్రణాళిక చట్టం జనాభా నిష్పత్తిలో నిధులు పెట్టమంది. విభజన తర్వాతి ఆంధ్రప్రదేశ్‌లో 2011 లెక్కల ప్రకారం ఎస్సీలు 17.08 శాతం, ఎస్టీలు 5.53 శాతం. చట్టం గడువు పదేళ్ళు. 2023 జనవరిలో అది ముగియబోతుంటే ఉద్యమాల ఒత్తిడితో ఇంకో పదేళ్ళు పొడిగించారు. కానీ చట్టంలోనే ఒక కంత ఉంది. విడదీయలేని మౌలిక వసతుల పనుల్లో కొంత భాగాన్ని ఉప ప్రణాళిక ఖర్చుగా 'భావించే' వీలు అది. ఆ ఒక్క క్రియాపదం మింగిన కోట్లు ఎన్నో. ఖర్చు కాని సొమ్మును వచ్చే ఏడాదికి తీసుకెళ్ళే ఏర్పాటు తెలంగాణ 2017 చట్టంలో పెట్టుకుంది. మన చట్టంలో అది లేదు.

పరిశోధన సంస్థల్లో ఉప ప్రణాళిక సొమ్ము ఉందా? ఉంది. భారత వ్యవసాయ పరిశోధన మండలి సంస్థలకూ, అవి నడిపే అఖిల భారత పంటల పథకాలకూ ఎస్సీ ఉప ప్రణాళిక కింద విడిగా నిధులొస్తాయి. అవి ఏమవుతాయో జిల్లా పేజీల్లో ఫొటోలు చూస్తే తెలుస్తుంది: తైవాన్ స్ప్రేయర్లు, టార్పాలిన్ పట్టలు, విత్తనాల సంచులు, ఒక రోజు శిక్షణ, వెనకాల బ్యానర్. పట్ట అవసరం లేదని ఎవరంటారు? వానొస్తే కల్లంలో గింజ తడవకుండా కాపాడేది అదే. అయితే పరిశోధన చేసే సంస్థలో మనకొచ్చిన వాటా పంపిణీ రూపంలోనే ఎందుకు రావాలి? మిగతా సొమ్ము ప్రశ్న వేస్తుంది, ప్రయోగం చేస్తుంది, పేటెంటు రాస్తుంది. మన సొమ్ము క్యూలో నిలబెట్టి సంచీ ఇస్తుంది. దాతకూ గ్రహీతకూ మధ్య ఉన్న పాత దూరమే ఇది, కొత్త పద్దు కింద.

ప్రశ్న వేయగల మన పిల్లల పరిస్థితీ చూడాలి. 2025 జూలైలో కేంద్రం విదేశీ ఉన్నత విద్య స్కాలర్‌షిప్‌కు 106 మందిని ఎంపిక చేసి, మొదట 40 మందికే ఉత్తర్వులిచ్చింది. మిగిలిన 66 మందికి నిధులు ఉంటేనే అంది. లక్ష కోట్లకు ఆమోదం తెలిపిన నెలలోనే! హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల ఏడు నెలల ఫెలోషిప్ బకాయి గురించి తన చివరి ఉత్తరంలో రాసి 2016 జనవరి 17న వెళ్ళిపోయాడు. పరిశోధనకు పెట్టే డబ్బు అంటే భవనాలు, యంత్రాలే కాదు, నెలాఖరుకు ఖాతాలో పడాల్సిన ఆ సొమ్ము కూడా.

కొండ మీది మాట ఒకటి మిగిలింది. అహోబిలం నరసింహుడు చెంచుల అల్లుడని ఊరూరా చెప్పుకుంటారు. సంక్రాంతి తర్వాత పార్వేట పల్లకి పల్లెలు తిరుగుతుంది. ఆ ఉత్సవానికి అంతర్జాతీయ గుర్తింపు తేవాలని ప్రయత్నాలున్నాయి, స్వదేశ్ దర్శన్ 2.0లో పర్యాటక కేంద్రంగానూ ఎంపికైంది. అల్లుడికి దక్కిన శ్రద్ధ అత్తవారికి దక్కాలి కదా. నల్లమల చెట్టూ చేమా, తేనె, వేరు మందుల గురించి చెంచులకున్న తెలివి నోటి మాటగా ఉంది. జీవవైవిధ్య చట్టానికి 2023లో చేసిన సవరణ పుస్తకాలకెక్కిన సంప్రదాయ జ్ఞానాన్ని లాభాల పంపకం బాధ్యత నుంచి మినహాయించింది. రేపు ఎవరో వచ్చి చెంచు పెద్ద చెప్పింది రాసుకుని పుస్తకం చేస్తే ఆ జ్ఞానం ఎవరిదవుతుంది? నల్లమలలో పరిశోధనకు డబ్బిచ్చే ప్రతి సంస్థా ముందు గూడెం అనుమతి, పేరు, వాటా రాసివ్వాలని అడగాలి. ఆళ్ళగడ్డ రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. రాయి కోసేటప్పుడు లేచే ధూళి ఊపిరితిత్తులకు ఏం చేస్తుందో కొలిచే పనికీ అంత ఉత్సాహం చూపించాలి.

విద్యార్థి మిత్రులకు, సంఘాలకు చెప్పేది ఒకటుంది. వ్యవసాయ విశ్వవిద్యాలయానికి మండలాల వారీగా పరిశోధన విస్తరణ సలహా మండలులు ఉన్నాయి. మన అల్ప వర్షపాత మండలానికి నంద్యాలే కేంద్రం. సీజనుకు ముందు కూర్చుని ఏ సమస్య మీద పని చేయాలో మాట్లాడుకునేది అక్కడే. శాస్త్రవేత్తలు, వ్యవసాయ శాఖ అధికారులు, కొందరు 'అభ్యుదయ రైతులు' వస్తారు. ఆ మాటకు అర్థం భూమి ఉన్న మగవాడని మనకు తెలుసు. శనగ పీకే ఆడవాళ్ళకు, కౌలుదారులకు, గొర్రెల కాపరులకు, గూడేలకు అందులో కుర్చీలు కావాలి. వాళ్ళు వేసిన ప్రశ్నలు ఎన్ని, వాటిలో ప్రాజెక్టులైనవి ఎన్ని అని రాతపూర్వకంగా అడగాలి. ఎస్సీ ఉప ప్రణాళిక కింద గత ఐదేళ్ళలో వచ్చిన సొమ్ములో వస్తు పంపిణీకి ఎంత, పరిశోధనకు ఎంత, ఎస్సీ పరిశోధక విద్యార్థుల జీతాలకు ఎంత అని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాలి. నంద్యాల పరిశోధనా స్థానానికి ఒకటి, బనగానపల్లె దగ్గరి యాగంటిపల్లె కృషి విజ్ఞాన కేంద్రానికి ఒకటి. దరఖాస్తు రుసుము పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. రబీ సమావేశానికి ముందే ఆ కాగితాలు చేతిలో ఉండాలి.