పెండ్లిపందిరిలో పువ్వుల కూర్పు

మానవుని సంతోషమునకు పువ్వులు తొలినుండియు తోడుగా నున్నవి. మన తెలుగునాట మాఘ ఫాల్గుణములు వచ్చునప్పటికి మామిడి పూతపట్టును. మోదుగ తన ఆకులను రాల్చి ఎఱ్ఱని పూలతో నిండును. ఉగాదినాటికి వేపపూత వచ్చును, మల్లె మొగ్గ తొడుగును. ఈ కాలమందే పెండ్లిండ్లును, ఉగాదియు, క్రైస్తవులకు మట్టల ఆదివారమును, ఈస్టరు పండుగయు వచ్చును. ప్రకృతి తనంతట తానే అలంకరించుకొను ఈ ఋతువులో మనము పెండ్లివేదికలను, మందిరములను ఎట్లు అలంకరించుచున్నామో ఒకింత ఆలోచింపవలెనని మా యభిప్రాయము.

మన పెద్దలు పందిరి గుంజలకు అరటిబోదెలు కట్టిరి. గడపలకు మామిడాకుల తోరణములు గ్రుచ్చిరి. లేత కొబ్బరాకులను అల్లి వ్రేలాడదీసిరి. దండలను దారముతోగాక తడిపిన అరటినారతో కట్టిరి. ఇందు ప్రతిదానికిని కారణము కలదు. అరటినారలోని తడి పువ్వును వాడనీయదు. మల్లెను ఉదయమున మొగ్గగా కోసినచో సాయంకాలమునకు విచ్చును గనుక, దండకు మొగ్గలనే యెన్నుకొందురు. కనకాంబరమునకు వాసన లేదు గాని రంగు చాలసేపు నిలుచును. మరువమునకు రంగుల సొంపు లేదు గాని పరిమళము కలదు. ఒకదాని కొఱత నొకటి తీర్చుచుండ, ఈ మూడింటిని ఒక్క దండలో చేర్చిరి. బడిముఖ మెఱుగని తల్లులు సైతము ఈ శాస్త్రమును చక్కగా నెఱిగియుండిరి.

నేటి వేదికల తీరు వేఱు. థాయిలాండు దేశమునుండి విమానముమీద వచ్చు ఆర్కిడ్ పువ్వులు మన వేదికల నెక్కుచున్నవి. వానిని నిలువబెట్టుటకు ఫ్లోరల్ ఫోము అను ఆకుపచ్చని మెత్తని ఇటుకలను వాడుచున్నారు. 1954లో అమెరికాలో వెర్నన్ స్మిథర్స్ అనునతడు దీనిని పువ్వులవారి వాడుకలోనికి తెచ్చెను. నీటిని పీల్చుకొని కాడలను కదలకుండ పట్టియుంచును గాన పనివారికి మిక్కిలి సులువు. అయితే చూచుటకు నాచువలె నున్నను ఇది ఒకవిధమైన ప్లాస్టిక్కు. మట్టిలో కలియదు, చేతితో నలిపిన పొడి యగును, ఆ పొడి పొడిగానే యుండును. 2020లో ఆస్ట్రేలియాలోని ఆర్.ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయమువారు పరిశోధించి, ఈ పొడిని నీటిలోని చిన్న ప్రాణులు తినుచున్నవనియు, దానినుండి వెలువడు రసాయనములు వానికి హానికరములనియు తెలిపిరి. ఇంగ్లండులోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీవారు తమ ప్రదర్శనలలో 2021నుండి దీనిని నిషేధించిరి.

పెండ్లి ముగిసిన మఱునాడు వేదికను విప్పి, పువ్వులతో కూడ ఈ ఇటుకలను కాలువగట్టున పాఱవేసినచో ఫలమేమి? బంతిపూవు కుళ్లి మట్టికి బలమగును. ఫోము పొడియై వానతోపాటు కాలువలోనికి దిగును. ఒక్క సాయంకాలపు శోభకొఱకు మన పిల్లలు త్రాగబోవు నీటికి ఇట్టి కీడు చేయుట న్యాయమా? ఇక వ్యయము సంగతి. పొరుగువారి వేదికకు తీసిపోరాదని, తన శక్తికి మించిన వేదికకై అప్పుచేయు తండ్రి మన మధ్య లేకపోలేదు. పువ్వు ఒక్క పూటలో వాడిపోవును; అప్పు మాత్రము వాడదు.

"వేసవి పెండ్లిండ్లలో ఫోము లేనిచో పువ్వులు గంటసేపైనను నిలువవు గదా" యని కొందఱు ఆక్షేపింతురు. ఎండ తీవ్రతను మేమును కాదనము. కాని నీరుగల పాత్రలో తీగవలను ఉండగా చుట్టి యుంచినచో, అది కాడలను ఫోమువలెనే పట్టుకొనును. కడిగి మరల మరల వాడుకొనవచ్చును. దండకట్టిన మల్లెకును బంతికిని ఈ రెండింటి అవసరము లేదు. పైగా దండలు కట్టు పనిలో అనేకుల చేతులకు కూలి దొరకును.

తీగవలను ఈ పనికి వాడినవారిలో ప్రసిద్ధురాలు కాన్‌స్టన్స్ స్ప్రై అను ఆంగ్లవనిత. ఆమె 1886లో జన్మించెను. 1921లో లండను తూర్పుభాగమున, కర్మాగారములలో పనిచేయు పేదపిల్లలు చదువు పాఠశాలకు ప్రధానోపాధ్యాయిని యయ్యెను. పిదప 1929లో పువ్వుల అంగడి తెఱచెను. ధనికుల భవనములకు గూడ ఆమె కంచెలోని తీగలను, గడ్డికంకులను, క్యాబేజీజాతి కూరాకులను తెచ్చి కూర్చెడిది. అట్టి యామెకే 1953లో ఎలిజబెత్తు రాణి పట్టాభిషేకపు ఊరేగింపు మార్గమున పువ్వులను అలంకరించు పని లభించెను. పువ్వు వెలలో అందము లేదనియు, చూచు కన్నులోను కూర్చు చేతిలోను కలదనియు ఆమె జీవితము చాటుచున్నది.

అట్టి పువ్వులకు మనము దూరము పోనక్కఱలేదు. గోదావరీతీరమున కడియము, కడియపులంక ప్రాంతముల రైతులు పూలతోటలనే నమ్ముకొని బ్రతుకుచున్నారు. కడియపులంక సంతకును, హైదరాబాదు గుడిమల్కాపురము సంతకును పూలగంపలు వచ్చుచుండును. వేసవిలో మల్లె, చలికాలమున చేమంతి: ఏ ఋతువు పెండ్లికి ఆ ఋతువు పువ్వు చాలును. ఈస్టరునాడు విదేశపు లిల్లీ దొరకనిచో మన నేలసంపెంగకు తెలుపును పరిమళమును తక్కువా?

కావున విద్యార్థులారా, ఈ విద్యను మన పాఠశాలలోనే ఆరంభింపుడు. బాలికలు మాత్రమేగాక బాలురును నేర్వవలెను. పువ్వులను ఎండ యెక్కకమునుపే కోయుడు. కాడను పదునైన కత్తితో ఏటవాలుగా కోయుడు. నీట మునుగు ఆకులను తీసివేయుడు. లేనిచో అవి క్రుళ్లగా సూక్ష్మజీవులు పెరిగి కాడలోని నాళములను మూసివేయును. నీటిని దినదినము మార్చుడు. వృక్షశాస్త్రపు పాఠమునకు ఇంతకంటె మంచి ప్రయోగము లేదు.

రాబోవు వార్షికోత్సవమున మన వేదికను మీ చేతులతో అలంకరింపుడని మా కోరిక. ఆవరణలోని కొబ్బరాకులును, మామిడి రెమ్మలును, సంతలో కొన్న నాలుగు మూరల బంతిదండలును చాలును. మఱునాటి యుదయమున వాని నన్నిటిని తోటమూలనున్న ఎరువుగుంటలో వేయుడు. మీ యిండ్లలో పెండ్లి కుదిరిననాడు ఈ మాటను మీ తలిదండ్రులకు వినయముతో చెప్పుడు; పిల్లల మాటను పెద్దలు త్రోసివేయరని మా నమ్మకము.