దస్తావేజుల్లో లేనివాళ్ళు – 7: కాలువకు ఆయన పేరు, మట్టి తట్ట మన నెత్తిన



పోయిన భాగంలో కరణాల లెక్కల గురించి మాట్లాడుకున్నాం. ఊరి భూమి సెంటు వదలకుండా రాసిన లెక్కల్లో, ఆ భూమిని దున్నినవాడి పేరు ఎందుకు లేదో చూశాం. ఈ వారం కరణం ఇంటి అటక దిగి చాలా దూరం వెళ్దాం, అమెరికాలోని కాలిఫోర్నియా దాకా. మన ఒంగోలు, నెల్లూరు తీరంలో పారే బకింగ్‌హామ్ కాలువకు ఎవరి పేరు పెట్టారో ఆయన వంశం కాగితాలు అక్కడే ఉన్నాయి మరి.

బకింగ్‌హామ్ అనగానే లండన్‌లోని రాజభవనం గుర్తొస్తుంది చాలామందికి. కాలువ పేరు అక్కడి నుంచి రాలేదు. 1875 నుంచి 1880 వరకు మద్రాసు గవర్నర్‌గా చేసిన రిచర్డ్ గ్రెన్‌విల్ అనే మూడో బకింగ్‌హామ్ డ్యూక్ పేరది. ఇక్కడికి రాకముందు ఆయన బ్రిటన్ వలసల మంత్రి.

ఆ ఇంట్లో రాజకీయం తరతరాల వృత్తి. ఆయన ముత్తాత తండ్రి జార్జ్ గ్రెన్‌విల్ ఇంగ్లండ్ ప్రధాని. 1765లో అమెరికా వలసల మీద స్టాంపు పన్ను వేసింది ఆయన ప్రభుత్వమే. ముత్తాత రెండుసార్లు ఐర్లండ్‌ను ఏలాడు. ముత్తాత తమ్ముడు విలియం, ఈస్టిండియా కంపెనీ మీద అజమాయిషీ చేసే బోర్డుకు అధ్యక్షుడుగా చేసి, తర్వాత ప్రధాని అయ్యాడు. 1807లో బానిస వ్యాపారాన్ని నిషేధించిన చట్టం ఆయన ప్రభుత్వం తెచ్చిందే. మంచిదే. అదే ఇంట్లో డ్యూక్ గారి తండ్రి, కరీబియన్ తోటల యజమానుల సంఘానికి అధ్యక్షుడై బానిసత్వాన్ని కాపాడాలని వాదించాడు. ఒకే డైనింగ్ టేబుల్ మీద రెండు వాదనలూ కూర్చుని భోంచేశాయి!

ఈ తండ్రిగారు అప్పుల్లో మునిగిపోతే 1848లో వాళ్ళ స్టో భవనంలోని సామాన్లు నలభై రోజులపాటు వేలం వేశారు. కుర్చీలు పోయాయి, బొమ్మలు పోయాయి, చివరికి 20వ శతాబ్దంలో భవనం కూడా పోయి బడి అయింది. కాగితాలు మాత్రం పోలేదు. 1925లో వాటిని కొన్నది కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ లైబ్రరీ. ఉత్తరాలు, ఎస్టేటు లెక్కలు, రసీదులు, అన్నీ కలిపి లక్షల్లో ఉంటాయి. చల్లని గదుల్లో, నంబర్లు వేసిన పెట్టెల్లో భద్రంగా ఉన్నాయి.

ఆ పెట్టెల్లో జమైకా కాగితాలూ ఉన్నాయి. డ్యూక్ గారి నాయనమ్మ పుట్టింటి వైపు నుంచి, కింగ్‌స్టన్ దగ్గర హోప్ అనే చెరకు తోట ఈ కుటుంబానికి వచ్చింది. బానిసలతో చేయించిన తోట. 1830లలో బానిసత్వం రద్దయినప్పుడు బ్రిటన్ ప్రభుత్వం రెండు కోట్ల పౌన్ల నష్టపరిహారం పంచింది. బానిసలకు కాదు, యజమానులకు! ఈ కుటుంబమూ తన వాటా పుచ్చుకుంది.

ఇక్కడొక మాట జాగ్రత్తగా వినండి. జమైకాలో ఒక నల్లజాతి మనిషి ఈరోజు తన పూర్వీకుల కోసం వెతికితే, ఆనాటి బానిసల రిజిస్టర్లలో పేరు దొరికే అవకాశం ఉంది. పేరు, వయసు రాసి పెట్టారు. మనిషని కాదు, ఆస్తి అని. ఆస్తి పోయినప్పుడు పరిహారం అడగడానికి ఆ లెక్కే పనికొచ్చింది.

మరి మనవాళ్ళు? మనం ఆ లెక్కలో కూడా లేం. కొనుక్కున్న మనిషి చస్తే యజమానికి నష్టం. ఊరి చివర మాదిగవాడు చస్తే ఎవరికి నష్టం? అందుకే మన చావు పేరుగా కాదు, మొత్తంగా రాశారు. ఫలానా జిల్లాలో పనుల మీద ఇన్ని వేలమంది, ఇంత కూలి, ఇన్ని ఘనపు గజాల మట్టి. అంతే.

ఆ మట్టి సంగతే ఇప్పుడు చెప్తున్నా.

ధాత, ఈశ్వర. 1876–78. మద్రాసు రాష్ట్రం, మైసూరు, బొంబాయి, హైదరాబాదు ప్రాంతాలు ఎండిపోయాయి. కర్నూలు, బళ్ళారి, కడప, నెల్లూరు జిల్లాలు విలవిల్లాడాయి. చనిపోయినవాళ్ళు తక్కువలో తక్కువ అర కోటి. సరిగ్గా ఆ కరువులోనే, 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు చేసి విక్టోరియాను చక్రవర్తిని అని చాటారు.

తర్వాత వైస్రాయి లిట్టన్ పంపగా రిచర్డ్ టెంపుల్ మద్రాసు వచ్చి కరువు కూలిని కోశాడు. మగ మనిషికి రోజుకు ఒక పౌను గింజలు, అంటే సుమారు 450 గ్రాములు, పైన కొద్దిగా డబ్బులు. రోజంతా మట్టి తవ్వి మోసేవాడికి ఇచ్చేది అది. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఇది చాలదని పోట్లాడాడు. మైక్ డేవిస్ అనే చరిత్రకారుడు 2001లో వచ్చిన తన పుస్తకంలో లెక్కవేసి చూపించాడు. హిట్లర్ బుకెన్‌వాల్డ్ క్యాంపులో 1944లో పెట్టిన తిండి కంటే ఈ టెంపుల్ కూలిలో కేలరీలు తక్కువ. కొన్ని నెలల తర్వాత కూలి పెంచారు. అప్పటికే పోవాల్సినవాళ్ళు పోయారు.

న్యాయంగా మాట్లాడాలంటే, డ్యూక్ లిట్టన్ అంత మొండివాడు కాదు. కరువు మొదట్లో ఆయన ప్రభుత్వం ధాన్యం కొంటే, కలకత్తా వాళ్ళే వ్యాపారంలో వేలు పెట్టొద్దని అడ్డుపడ్డారు. సరే, ఒప్పుకుందాం. కానీ నా ప్రశ్న డ్యూక్ మంచివాడా చెడ్డవాడా అని కాదు. మంచివాడని చెప్పుకోడానికైనా ఆయనకు కాగితాలున్నాయి. కోసిన కూలి తీసుకున్నవాడు ఏమనుకున్నాడో చెప్పే కాగితం ఎక్కడుంది?

కాలువ అంతకు డెబ్బై ఏళ్ళ ముందే మద్రాసు దగ్గర మొదలైంది. కరువు పనుల కింద ముక్కలు ముక్కలుగా తవ్వించి కలిపారు. మద్రాసు నగరంలో కూవం, అడయారు నదుల మధ్య ముక్కను కరువు కూలీలే తవ్వారు. కాకినాడ నుంచి తమిళనాడు దాకా నీటిదారి ఏర్పడింది. ఉప్పు, కట్టెలు, ధాన్యం దాని మీద తిరిగాయి. 1878లో గవర్నర్ గారి పేరు పెట్టేశారు.

ఒంగోలు వైపు ఈ కాలువలో మూడు నాలుగు మైళ్ళ ముక్కను తవ్వించే కాంట్రాక్టు తీసుకున్నది జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. పనిచేసినవాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. మేస్త్రీలుగా పెట్టింది మన బోధకులనే. మిగతా క్యాంపుల్లో పై కులాల మేస్త్రీలు తిట్టి, కొట్టి, కూలిలో కోత పెడుతుంటే, ఇక్కడ చేసిన పనికి కూలి చేతికందేది. ఆ కబురు పల్లెపల్లెకూ పోయింది. మాదిగవాడు మాదిగవాడికి కూలి లెక్కపెట్టి ఇవ్వడం ఆ రోజుల్లో చిన్న సంగతా?

కరువు తగ్గాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. "బియ్యం కోసం మతం మారారు" అని ఇప్పటికీ వాట్సాప్‌లో వెక్కిరించే పెద్దమనుషులు ఒక్క విషయం తెలుసుకోవాలి. కరువు జోరుగా ఉన్న ఏడాదికి పైగా కాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు, సరిగ్గా ఆ మాట రాకూడదనే. గింజలు పంచినంత కాలం నీళ్ళలోకి దించలేదు. పంపకం అయిపోయాకే దించాడు. మరి వీళ్ళు దేనికోసం వచ్చారు? మనిషిగా లెక్కపెట్టినచోటికి వచ్చారు.

అందుకే చర్చి రిజిస్టరు నాకు ముఖ్యం. మనకు పేరు, ఊరు రాసిన మొదటి పుస్తకాల్లో అదొకటి. కానీ దాని కథ చూడండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో సవరించారు, మనకు లేదు. అంటే మన పూర్వీకుల పేరు దొరికే కాగితమే మన పిల్లల సర్టిఫికెట్టు ఊడగొట్టే కాగితం కూడా. డ్యూక్ మనవలు తాత ఉత్తరాలు చూసి గర్వపడొచ్చు. మనం ముత్తవ్వ పేరున్న పుస్తకాన్ని పెట్టె అడుగున దాచుకోవాలి!

ఇంకో పక్క, కాలువ గట్ల మీద గుడిసెలు వేసుకున్న మాల, మాదిగ, యానాది కుటుంబాలకు నోటీసు వస్తే మొదటి ప్రశ్న ఒక్కటే: "కాగితం ఉందా?" పోరంబోకు కాబట్టి ఆక్రమణ అంటారు. గట్టు పోసినవాళ్ళ వారసులు ఆ గట్టుకు ఆక్రమణదారులు. ఒక్క పార పట్టనివాడి పేరు కాలువకు శాశ్వత పట్టా!

పేరు మార్చమని నేను అడగటం లేదు. బోర్డు మారితే మన బతుకు మారదు. నేను అడిగేవి మూడు. ఒకటి, ప్రభుత్వం కరువు పనుల రికార్డులను చెన్నై ఎగ్మోరు ఆర్కైవ్స్ నుంచి తెలుగు జిల్లాల వారీగా స్కాన్ చేయించి అందరికీ తెరవాలి. రెండు, గట్ల మీద ఉన్నవాళ్ళను కదిలించే ముందు ప్రత్యామ్నాయ స్థలం పట్టా చేతిలో పెట్టాలి. మూడోది మనకే. ముసలివాళ్ళు చెప్పే కరువు మాటలు ఫోన్‌లో రికార్డు చేయండి. ఎవరి తాత ఏ ముక్కలో తవ్వాడో, ఏ క్యాంపు నుంచి పారిపోయాడో రాయండి. పాత రసీదులు, డి-ఫారం పట్టాలు, ఫొటోలు ఒక సంచిలో పెట్టండి. చర్చి రిజిస్టర్లు మాత్రం నూరేళ్ళు దాటినవే చూడండి. బతికున్నవాళ్ళ వివరాలు ఎవరికీ ఇవ్వొద్దు, ఆన్‌లైన్‌లో అసలే పెట్టొద్దు.

వంశం కాగితాలు దాచుకోవడం దొరల జబ్బు అనుకుంటాం. కాదు, అది అధికారం. కాగితం ఉన్నవాడి తప్పుకు కూడా వివరణ ఉంటుంది. లేనివాడి చెమటకు సాక్ష్యం కూడా ఉండదు.

వచ్చే వారం: కరువు ఫొటోలు. మద్రాసులో హూపర్ అనే సైనికాధికారి ఎముకల గూళ్ళలాంటి మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి తీసినవి. ఆ మనుషుల పేర్లు ఎవరూ అడగలేదు.

జై భీమ్.