పంకా బేరం

మా పారమట్టా పార్కులో 1912లో ఒక పళ్ల డాక్టరు విమానం దించాడు. పేరు విలియం హార్ట్, ఈ ఊళ్లో పుట్టినవాడే. బోటనీ నుంచి ఇక్కడిదాకా ఒక అమెరికన్ పైలట్‌తో పందెం. అవతలాయన దారి తప్పాడు, మన డాక్టరు 23 నిమిషాల్లో వచ్చి వాలాడు. ఆయన విమానానికి ఉన్నది చెక్క ప్రొపెల్లర్. ఈమధ్య ఆ పార్కులో నడిచినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తోంది. ఎందుకంటే మాది పోయింది.

బ్యాంక్స్‌టౌన్‌లో నలుగురం కలిసి ఉంచుకున్న పాత సెస్నా 172ఎన్ మాది. ప్రొపెల్లర్‌ని మా ఇంట్లో పంకా అనే అంటారు. గులకరాళ్లు తగిలి రెక్క అంచుకి గాట్లు పడతాయి. గాటుని అలా వదిలేస్తే అక్కణ్ణుంచే పగులు మొదలవుతుంది కాబట్టి ఆకురాయితో రుద్ది నున్నగా చేస్తారు. రుద్దీ రుద్దీ మా రెక్క వెడల్పు ఉండాల్సిన దానికంటే తగ్గిపోయింది. ఇక పనికిరాదని చెప్పేశారు.

నలుగురం కూర్చున్నాం. ఒకాయనకి మూడు రెక్కలది కావాలి, అందం కోసం. భీమవరం కుర్రాడు వేగం కావాలన్నాడు. నేను మాత్రం పిచ్ తక్కువది కావాలని పట్టుబట్టాను.

పిచ్ అంటే ఏమిటో చెప్పాలి. మర ఒక చుట్టు తిరిగితే చెక్కలోకి ఎంత దిగుతుంది? అదే. మా పాతదాని వ్యాసం 75 అంగుళాలు, పిచ్ 57. నిమిషానికి 2,700 చుట్లు తిరిగితే కాగితం మీద గంటకి 234 కిలోమీటర్లు. గాలి చెక్క కాదు గనక కొంత జారుతుంది, అది వేరే సంగతి. పిచ్ తగ్గితే సైకిలుకి చిన్న గేరు వేసినట్టే. గట్టెక్కడం తేలిక, చదునులో కాళ్లు గిరగిరా తిరుగుతాయి గానీ బండి ముందుకెళ్లదు.

నా పట్టుదలకి కారణం వాళ్లకి తెలీదు. కిందటి వేసవిలో కొండలకవతల ఒక గడ్డి స్ట్రిప్ నుంచి ముగ్గురం లేచాం. మిట్టమధ్యాహ్నం, 38 డిగ్రీలు, నిండు టాంకులు. వేడి గాలి పలచన. ఇంజనూ సరిగా లాగదు, రెక్కలకీ పట్టు దొరకదు. చివర్న యూకలిప్టస్ చెట్లు చక్రాల కింద నుంచి వెళ్లాయి. ఆకులు కనిపించాయి నాకు, ఒక్కొక్కటీ. పక్కనున్న ఇద్దరూ కబుర్లలో ఉన్నారు. ఇంటికొచ్చి మా ఆవిడకీ చెప్పలేదు.

మెకానిక్ మా వాదన అంతా విని విమానం పుస్తకం తెరిచాడు. చక్రాల మీద నడిచేదానికి 75-57. నీళ్ల మీద తేలే తెప్పలు కడితే 80-42. నీళ్లని వదిలించుకుని లేవడానికి అంత లాగుడు కావాలన్నమాట. ఇంకో రకం పెట్టాలంటే దానికి విడిగా ఆమోదపత్రం ఉండాలి. ఇది గుమాస్తా చాదస్తం కాదు. ఇంజన్ కొట్టే ప్రతి దెబ్బకీ లోహపు రెక్క అదురుతుంది. ఆ ఇంజన్‌కి ఆ రెక్క సరిపడకపోతే ఆ అదురుకే విరుగుతుంది. పైలట్లకి పంకా గురించి రావాల్సిన కలలు ఇవే, నాకేమో చెట్లు వస్తున్నాయి.

తర్వాత ఆయన నన్ను ఒకటే అడిగాడు. ఏ స్ట్రిప్, ఎంత బరువు, ఎన్ని గంటలకి? చెప్పాను. అదే పుస్తకంలో టేకాఫ్ దూరాల పట్టిక దగ్గర వేలు పెట్టి ఊరుకున్నాడు. నిండు టాంకులంటే 150 లీటర్లు, వంద కిలోల పైమాట. సగం పెట్రోలుతో పొద్దున ఆరింటికి లేచి ఉంటే ఆ చెట్లు ఎక్కడో కింద ఉండేవి. ఆ పట్టిక ఆ రోజు నా సీటు వెనక జేబులోనే ఉంది. తియ్యలేదు.

ఆ సాయంత్రమే మిగతా ముగ్గురికీ చెప్పేశాను. భీమవరం కుర్రాడు చాలాసేపు మాట్లాడలేదు. ఆ రోజు వెనక సీట్లో ఉన్నది వాడే.

మళ్లీ 75-57 తెప్పించాం. బిగించాక బ్రేకులు తొక్కి, నిలబెట్టే ఇంజన్ పూర్తిగా ఇచ్చాం. 2,280కీ 2,400కీ మధ్య రావాలంటుంది పుస్తకం. ముల్లు 2,340 దగ్గర ఆగింది.

"బాబాయ్, ఆ స్ట్రిప్‌కి మళ్లీ ఎప్పుడు?" అన్నాడు వాడు.

"శనివారం తెల్లారకట్ట. బరువెంతున్నావో చూసుకుని రా."