గొంతే చేతులైతే...

మన యూనియన్ సావనీరుకు ఏదైనా వ్యాసం కావాలని మిత్రులు వచ్చి అడిగినప్పుడు, "ఉక్కు గురించి రాయి, పోర్టు గురించి రాయి" అన్నారు. విశాఖ పేరెత్తితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేవి అవే కదా! 1933లో తెరుచుకున్న రేవు, 1966లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చి సాగించిన ఉక్కు పోరాటం, 1971 నాటి శంకుస్థాపన... వీటి మీద ఏటేటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. రాయాలి కూడా. నేను మాత్రం ఈసారి జ్ఞానాపురంలోని ఒక చిన్న గది గురించి రాస్తాను. ఆ గదిలో ఒక మంచం, ఒక సీలింగు ఫ్యాను, ఒక ట్యూబులైటు, గోడకి ఒక టీవీ ఉన్నాయి. మంచం మీద మా మావయ్య ఉన్నాడు.

మావయ్య ఒకప్పుడు రేవులో సరుకుల క్లియరింగు చేసే ఏజెంటు దగ్గర గుమాస్తా. 2013 వానాకాలంలో ఒక రాత్రి ఇంటికొస్తూ స్కూటరు జారి పడ్డాడు. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. మెడలో అయిదో స్థాయిన దెబ్బ తగిలిన మనిషికి సాధారణంగా భుజం కదులుతుంది, మోచెయ్యి ముడుచుకుంటుంది, వేళ్ళు మాత్రం మాట వినవు. కాళ్ళ సంగతి చెప్పనే అక్కరలేదు. తెలివికి గాని మాటకి గాని ఏ లోటూ రాలేదు. పద్దులన్నీ నోటితో చెప్పగల మనిషి, స్విచ్చి దాకా చెయ్యి చాపలేడు.

అలాంటి మనిషిని పుండ్లు పడకుండా రెండు మూడు గంటలకొకసారి పక్కకి తిప్పాలి. ఆ పని మా అత్తది. పగలంతా కుట్టుమిషను తొక్కి, రాత్రి అలారం పెట్టుకుని లేచి తిప్పి పడుకుంటుంది. ఆ రెండు అలారాల మధ్యలో మావయ్యకి ఉక్క పోస్తే? విశాఖలో మే నెల ఎలా ఉంటుందో హాస్టలు మేడ మీద పడుకునే మీకు నేను చెప్పాలా! ఒకసారి మావయ్యే అన్నాడు: "ఒరే అల్లుడూ, ఫేను కోసం మీ అత్తని లేపీకన్నా చెమట్లో తడిసి పడుకోడమే నయమనిపించీదిరా. లేపితే లేస్తాది, తిట్టదు. తిట్టదనే లేపబుద్దేసీది కాదు."

మిత్రులారా, వికలాంగుల సమస్య అనగానే మనం మెట్లూ, బస్సులూ, ఉద్యోగాలూ అంటాం. అవన్నీ నిజమైన సమస్యలే. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలని తేల్చారు. వాళ్ళని 2015 తర్వాత దివ్యాంగులు అన్నారు, మన రాష్ట్రంలో శాఖ పేరే విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ అయింది. పేర్లు మారడానికి నాకేమీ అభ్యంతరం లేదు. కాని రోజుకి ముప్పైసార్లు ఎవరినో ఒకరిని బతిమాలుకోవలసిన స్థితి ఉందే, దాన్ని ఏ పేరూ మార్చలేదు. ఫ్యాను వెయ్యండి, లైటు తియ్యండి, టీవీ మార్చండి, ఫోను చెవి దగ్గర పెట్టండి. అడగడంలోనే మనిషి సగం అరిగిపోతాడు.

2021లో మావయ్య కూతురు, నాకు వదిన, హైదరాబాదులో ఉద్యోగంలో చేరి తొలి జీతంతో ఒక అలెక్సా పెట్టె కొని తెచ్చింది. అరచేతిలో ఇమిడే గుండ్రటి పెట్టె. అది తన పేరు వినబడుతుందా అని ఎప్పుడూ చెవి ఒగ్గి ఉంటుంది. పేరు వినబడగానే ఆ వెనక మనం అన్న మాటని ఇంటర్నెట్టు మీదుగా ఎక్కడో ఉన్న కంపెనీ కంప్యూటర్లకి పంపుతుంది. అక్కడ మాట అక్షరాలవుతుంది, అక్షరాలకి అర్థం తేలుతుంది, ఆజ్ఞ తిరిగి ఇంటికొస్తుంది. ఇదంతా ఒకటి రెండు సెకన్లలో. ఫ్యాను స్థానంలో రిమోటు ఉన్న రకం బిగించి, ఆ రిమోటు పని చేసిపెట్టే ఇంకో చిన్న డబ్బీ గోడకి పెట్టారు. లైటుకి వైఫైతో నడిచే స్విచ్చు వేశారు. ఫోనుని మంచం పక్కన స్టాండుకి బిగించి గొంతుతో పలికేట్టు చేశారు.

మొదటి రాత్రి మావయ్య నాలుగైదుసార్లు ఫ్యాను వేయించి, ఆపించి, మళ్ళీ వేయించాడట. గాలి కోసం కాదు. ఎవరినీ అడక్కుండా వేసుకోవచ్చునని తెలుసుకోవడానికి.

ఫ్యాను కన్నా పెద్ద సంగతి ఫోను. అంతకుముందు ఎనిమిదేళ్ళూ మావయ్య మాట్లాడిన ప్రతి ఫోనూ ఎవరో ఒకరు చెవి దగ్గర పట్టుకుంటేనే మాట్లాడాడు. అంటే ఎనిమిదేళ్ళలో ఒక్క మాట కూడా ఒంటరిగా, గుట్టుగా మాట్లాడలేదన్నమాట! ఆ స్టాండు బిగించిన వారంలోనే తన తమ్ముడికి తనంతట తాను ఫోను చేసి, పాత స్థలం వాటా విషయమై గంటసేపు దెబ్బలాడాడు. ఇల్లంతా కంగారుపడింది. నాకు మాత్రం ఎంతో సంతోషం వేసింది. మనసారా తగువు పెట్టుకునే స్వాతంత్ర్యం కూడా స్వాతంత్ర్యమే కదా!

ఇదేదో నిన్న మొన్న పుట్టిన ఆలోచన అనుకోవద్దు. ఇంగ్లండులో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రికి వెన్ను దెబ్బతిన్న రోగులను చూడ్డానికి వెళ్ళే రెజ్ మేలింగ్ అనే ఆయన, చేతులు కదలనివాళ్ళు నర్సుని పిలవడానికి ఒక్క గంట తప్ప మరేమీ లేదని గమనించి, గొట్టంలోకి ఊపిరి ఊది, పీల్చి, లైటూ రేడియో టైపు మిషనూ నడిపే యంత్రాన్ని 1960 ప్రాంతంలో తయారుచేశాడు. దానికి పాసమ్ అనే పేరు నిలిచింది. లాటిన్‌లో ఆ మాటకి "నేను చేయగలను" అని అర్థం. అరవయ్యేళ్ళ కిందటి ఆ ఊపిరి గొట్టానికి మనవడే మా మావయ్య మంచం పక్కన కూర్చున్న గుండ్రటి పెట్టె.

ఇంకొకరి సంగతి కూడా విద్యార్థులుగా మనం తెలుసుకోవాలి. అమెరికాలో ఎడ్ రాబర్ట్స్ అనే కుర్రవాడు పద్నాలుగో ఏట పోలియోతో మెడ కింద కదలిక పోయి, రాత్రుళ్ళు ఇనుప ఊపిరి పెట్టెలో పడుకుంటూనే 1962లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చేరాడు. ఆ పెట్టె పట్టే గది హాస్టల్లో దొరక్క క్యాంపస్ ఆసుపత్రిలోనే మకాం పెట్టాడు. అతనూ అలాంటి సహవిద్యార్థులూ కలిసి నడిపిన కదలిక నుంచే 1972లో బర్క్‌లీలో స్వతంత్ర జీవన కేంద్రం పుట్టింది. వాళ్ళు స్వతంత్రం అన్న మాటకి కొత్త అర్థం చెప్పారు. ఎవరి సాయమూ లేకుండా బతకడం కాదు, ఏ సాయం ఎప్పుడు ఎవరి చేత చేయించుకోవాలో తామే నిర్ణయించుకోవడం స్వతంత్రం. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా సమాజంలో కలిసి బతకడానికి కావలసిన వ్యక్తిగత సహాయం గురించి మాట్లాడుతుంది. చట్టంలో ఆ మాట ఉన్నదని మనలో ఎంతమందికి తెలుసు?

ఇక మన భాష విషయానికి వస్తాను. నా అసలు గొడవ ఇక్కడే.

అలెక్సా 2017లో మన దేశానికి ఇంగ్లీషుతో వచ్చింది, 2019లో హిందీ నేర్చింది. ఫోన్లలో ఉండే గూగుల్ అసిస్టెంటుకి 2019లో తెలుగు వచ్చింది, 2024లో జెమిని కూడా తెలుగుతో దిగింది. సంతోషించవలసిందే. కాని ఏ తెలుగు? మావయ్య ఫోనుతో తెలుగులో ఫ్యాను వేయించుకుందామని, తన సహజమైన పలుకుబడిలో "ఫేను ఏసీ" అన్నాడు. మన వైపు "ఏసీ" అంటే వేసెయ్యి అని అర్థం. ఆ యంత్రం ఏసీ కోసం ఇల్లంతా వెతికి, అలాంటి పరికరం లేదని మర్యాదగా చెప్పింది. ఏసీ కొనే స్తోమత ఉంటే మావయ్య ఫ్యాను కోసం ఎందుకు అరుస్తాడు! చివరికి ఆ మనిషి యాభై అయిదో ఏట "టర్నాన్ ద ఫ్యాన్" అని ఇంగ్లీషు వల్లెవేసి నేర్చుకున్నాడు. మెడ విరిగిన మనిషి తన ఇంట్లో గాలి కోసం పరాయి భాషలో పరీక్ష పాసవ్వాలా?

జనం నోట ఉన్న భాష బడిలోకి రావాలని గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడింది ఈ ఉత్తరాంధ్ర గడ్డ మీదే. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినమని ఆయన ఫోటోకి దండ వేస్తాం. ఆయన తెలుగుతో ఆగలేదు, సవరల భాష నేర్చి దాని కోసం కూడా జీవితం ధారపోశారు. ఆ పోరాటం ఇప్పుడు యంత్రం చెవి దగ్గరికి వచ్చింది. పుస్తకాల తెలుగు విని, శ్రీకాకుళం తెలుగు విననట్టు నటించే యంత్రం పాతకాలపు పండితుడి లాంటిదే. దీనికి మందు మన చేతుల్లోనూ కొంత ఉంది. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన భాషిణి పథకంలో భాషాదాన్ అని ఉంది. ఎవరైనా తమ భాషలో తమ గొంతుని దానం చేయవచ్చు. యంత్రం నేర్చుకునేది వినడం ద్వారానే. పలాస కుర్రాడూ, పాడేరు పిల్లా మాట్లాడకపోతే దానికి ఆ మాటలు ఎలా వస్తాయి? వార్షికోత్సవానికి ఆర్కెస్ట్రా పిలిచే మన యూనియన్, ఒక్క ఆదివారం హాస్టలు మెస్సులో కూర్చుని రెండొందల గొంతులు ఇవ్వలేదా?

గొంతే సరిగా పలకనివాళ్ళ సంగతి మరీ కష్టం. పక్షవాతంతో నాలుక మొద్దుబారినవాళ్ళు, సెరిబ్రల్ పాల్సీతో మాట ముద్దగా వచ్చేవాళ్ళు పిలిస్తే ఈ యంత్రాలు తరచు ఉలకవు పలకవు. అలాంటి పలుకులను యంత్రానికి నేర్పాలని గూగుల్ 2019లో యుఫోనియా అనే ప్రయత్నం బయటపెట్టింది. 2022లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పెద్ద కంపెనీలను కలుపుకుని ఇంకొకటి మొదలుపెట్టింది, అదీ ఇంగ్లీషుతోనే. అసలు మాటే లేని మూగ, చెవిటివారికి గొంతుతో నడిచే పెట్టె ఎందుకు పనికొస్తుంది? గొంతు ఉన్నవాడికే ఇది వరం అన్న సంగతి ప్రకటనలు చెప్పవు.

మా మిత్రుడొకడు ఈ వ్యాసం చిత్తుప్రతి చదివి, "ఇవి మనుషుల్ని ఒంటరివాళ్ళని చేస్తాయి. ఫ్యాను వెయ్యడానికైనా ఒకరు గదిలోకి వచ్చేవారు, ఇప్పుడు అదీ పోయింది" అన్నాడు. ఈ మాట నన్ను చాలా రోజులు తొలిచింది. నేరుగా మావయ్యనే అడిగాను. "ఫేను కోసం వొచ్చినోలు ఫేనేసి ఎల్లిపోయీవోలురా. ఇప్పుడొచ్చినోలు కూకుంటన్నారు" అన్నాడు. జవాబు బాగానే ఉంది గాని పూర్తిగా నిజం కాదు. మా బావమరిది, అంటే మావయ్య చిన్న కొడుకు, ఇదివరకు గుమ్మం దగ్గరికొచ్చి పలకరించేవాడు. ఇప్పుడు కాలేజీ నుంచే మెసేజీ పెడుతున్నాడు. అది యంత్రం తప్పో, వాడి తప్పో మీరే చెప్పండి.

ఇంకొక అనుమానం. ఈ పెట్టెలు విన్న మాటల్లో కొన్నిటిని కంపెనీల ఉద్యోగులూ విన్నారని 2019లో పత్రికల్లో వచ్చింది, పెద్ద గొడవే అయింది. మావయ్యతో చెబితే, "నన్ను కడిగీది నలుగురు సూసినారు, నా మాట ఎవుడో ఇంటే ఏటిరా" అని నవ్వేశాడు. నేను నవ్వలేకపోయాను. వేరే దారి లేనివాడి ఒప్పుకోలుని ఒప్పుకోలు అనడం అన్యాయం.

డబ్బు మాట. మన రాష్ట్రంలో వికలాంగుల పింఛను 2024 జులై నుంచి నెలకి 6,000, పూర్తిగా మంచాన పడ్డవారికి 15,000 చేశారు. మంచి పనే. కాని ఆ డబ్బులోంచే మందులు, డయపర్లు, కాథెటర్లు, మనిషి కూలీ వెళ్ళాలి. అందులో పెట్టెకీ స్విచ్చులకీ ఏడెనిమిది వేలు, నెలనెలా ఇంటర్నెట్టు బిల్లూ ఎక్కడి నుంచి వస్తాయి? చక్రాల కుర్చీ విలాసం కానట్టే ఇదీ విలాసం కాదు. కుర్చీ ఇచ్చినట్టే దీన్నీ ఇవ్వాలని అడగడం గొంతెమ్మ కోరిక కానే కాదు.

అలాగని నేను యంత్రపూజ చేయడం లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మావయ్య మంచాన పడి ఏడాదయింది. రేకులు ఎగిరిపోతుంటే వీధిలోని నలుగురు కుర్రాళ్ళు వచ్చి మావయ్యని మంచంతో సహా ఎత్తి, పక్కనున్న డాబా ఇంట్లో పెట్టారు. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. అప్పటికి మా ఇంట్లో పెట్టె లేదు గాని, ఉన్నా కిమ్మనేది కాదు. ఆ కుర్రాళ్ళు ఉండాలి, ఈ పెట్టే ఉండాలి. ఒకటుంటే రెండోది ఎందుకనే లెక్క నాకు నచ్చదు.

చివరిగా ఒక చిన్న విషయం. ఈ యంత్రం పని చెయ్యాలంటే గోడ మీది మెయిను స్విచ్చి ఎప్పుడూ వేసి ఉంచాలి. గదిలోంచి బయటికొస్తూ స్విచ్చి కట్టెయ్యడం మన మధ్యతరగతి ఇళ్ళల్లో చిన్నప్పటి నుంచీ నూరిపోసిన అలవాటు. ఎవరో ఒకరు టక్కున కట్టేస్తారు, అంతే, అలెక్సా ఎంత అరిచినా ఫ్యాను తిరగదు. అత్త అట్టముక్క మీద "ఈ స్విచ్చి కట్టరాదు" అని రాసి అతికించింది. మొన్న సంక్రాంతికి వెళ్ళి తిరిగొస్తూ, ఇంత వ్యాసం రాస్తున్న నేనే ఆ అట్టముక్క పక్కనుంచి చెయ్యి పెట్టి కట్టేసి వచ్చేశాను. బస్సు కాంప్లెక్సు దాకా రాకుండానే ఫోను మోగింది. చేసింది మావయ్యే, తనంతట తానే.

"ఒరే అల్లుడూ, స్విచ్చి కట్టీసిన గుంటడివి నువ్వేనేట్రా?"