తాకిన చేయి, తాకని చేయి

దీపారాధన చేయుచున్న తల్లిని జూచి, "దేవుడున్నాడని నీకెట్లు తెలియునమ్మా?" యని పిల్ల యడుగును. "తప్పు, అట్లనరాదు" అని మనము వెంటనే నోరు మూయింతుము. సంశయము నిజముగా తప్పా? క్రైస్తవ చిత్రకారులు దీనినే విషయముగా గొని పెక్కు చిత్రములు రచించిరి. వానిలో కొన్నిటిని ఈ మాసమున చూతము.

యోహాను సువార్త యిరువదవ యధ్యాయమున నొక కథ గలదు. సిలువపై మరణించిన యేసు మూడవనాడు లేచి శిష్యులకు కనబడెను. అప్పుడు తోమా యను శిష్యుడచట లేడు. తక్కినవారు చెప్పినను అతడు నమ్మక, మేకుల గాయములలో వ్రేలుంచి, ప్రక్కగాయమున చేయిపెట్టి చూచినగాని విశ్వసింపననెను. ఎనిమిది దినములకు యేసు మరల వచ్చి, తాకి చూడుమని తానే పిలిచెను. తోమా యాయనను ప్రభువనియు దైవమనియు సంబోధించెను. ఈ తోమా మనకు మిక్కిలి దూరపువాడు కాడు. ఆయన దక్షిణదేశమునకు వచ్చి మైలాపూరున ప్రాణములు విడిచెననియు, చెన్నపురిలోని శాంథోము దేవాలయము ఆయన సమాధిపై వెలసినదనియు క్రైస్తవుల విశ్వాసము.

అతడు గాయమును తాకెనో లేదో సువార్తయందు వ్రాయబడలేదు. చిత్రకారులకు అచ్చటనే చోటు దొరకినది.

ఇటలీదేశపు కారవాజ్జో 1601-02 ప్రాంతమున వ్రాసిన పటము నేడు జర్మనీలోని పోట్స్‌డాం నగరమున నున్నది. చీకటిలో నలుగురి తలలొక్కచోటికి వంగియున్నవి. తోమా కష్టజీవి, నుదుట ముడుతలు, భుజముపై కుట్టు విడిన వస్త్రము. అతని వ్రేలు గాయములోనికి దిగియున్నది. మేము దీని ప్రతిని మొదట చూచినపుడు చూడలేక కన్నులు త్రిప్పుకొంటిమి. మరల చూడగా వేఱొకటి కనబడినది. తోమా మణికట్టును పట్టుకొని గాయమువైపు నడిపించునది యేసు చేయియే! చిన్నబిడ్డకు అక్షరములు దిద్దించునపుడు మనము చేయి పట్టుకొనుట యిట్లే గదా.

ఫ్లోరెన్సు నగరమున వెర్రోక్కియో యను శిల్పి పోతపోసిన కంచువిగ్రహములు 1483వ సంవత్సరమున ఓర్సాన్‌మికేలె మందిరపు గోడగూటిలో నిలుపబడినవి. వానిని చేయించినవారు వర్తకుల న్యాయస్థానమువారు. సాక్ష్యము చూడక తీర్పు చెప్పరాదు గనుక, నిదర్శనము కోరిన తోమా వారికి ఆదర్శమయ్యెను. ఇందు యేసు తన వస్త్రమును తొలగించి గాయమును చూపుచున్నాడు. తోమా యొక పాదము గూటివెలుపల, వీథివైపున నున్నది. చేయి గాయమును సమీపించియు తాకలేదు. నచికేతుడు యముని ప్రశ్నించిన కథ చదువుకొన్న మనకు, అడుగువానిని గద్దింపని గురువు క్రొత్తవాడు కాడు.

ఆ యధ్యాయముననే యింకొక కథ గలదు. అది మన కంటికి మఱింత దగ్గఱ. సమాధియొద్ద ఏడ్చుచున్న మగ్దలేనే మరియ, ఎదుట నిలిచిన యేసును తోటమాలి యనుకొనెను. ఆయన పేరుపెట్టి పిలువగానే గుర్తించెను. తన్ను తాకవలదనియు, పోయి తక్కినవారికి తెలుపుమనియు ఆయన చెప్పెను. ఫ్లోరెన్సులోనే సాన్ మార్కో మఠమున ఫ్రా ఆంజెలికో యను సన్న్యాసి పదునైదవ శతాబ్దమున నీ ఘట్టమును గోడపై చిత్రించెను. పచ్చిక, పూలు, యేసు భుజముపై తోటపని చేయు పార, మోకరిల్లిన మరియ. ఆమె చాచిన చేతులకును ఆయన చేతికిని నడుమ కొంచెము చోటు మిగిలియున్నది.

పురుషునికి తాకుమని, స్త్రీకి తాకవలదని చెప్పుట యేమి? పక్షపాతమని మాకు మొదట తోచినది. కాని ఆమెకు నిదర్శనము కావలసి రాలేదు. ఒక్క పిలుపు చాలినది. వార్త మోయు పనియు ఆమెకే దక్కినది.

ఆ వార్తకేమి జరిగినది? సమాధియొద్దనుండి వచ్చిన స్త్రీల మాటలను శిష్యులు వట్టిమాటలుగా నెంచి నమ్మలేదని లూకా సువార్త చెప్పుచున్నది. అనగా సంశయించినవాడు తోమా యొక్కడే కాడు. అయినను అవిశ్వాసి యను పేరు అతనికే నిలిచినది. చిత్రకారుల కుంచెయు అతనివెంటనే పోయినది. స్త్రీలు చెప్పుచుండగా తల త్రిప్పుకొన్న ఆ పురుషుల ముఖములను చిత్రించిన పట మింతవఱకు మా కంటబడలేదు.

మన యిండ్లలో కోడలు కడుపునొప్పి యన్నను, కూతురు బడికిపోవు త్రోవలో నెవరో వేధించుచున్నారన్నను మొదట వినబడునది "ఊరక కల్పించుచున్నది" అను మాటయే. అట్లనువారిలో మనమును ఉందుము. సంశయము కలిగినచో తోమావలె దగ్గఱకు పోయి చూతము, చెప్పినదానిని పంపివేయకుందము. దీపముచెంత ప్రశ్నించిన పిల్లను గూడ ఒడిలో కూర్చుండబెట్టుకొని, మనకు తెలిసినంత చెప్పుదము.